పాట వినిపించేంత దూరంలో

2010 జూలై 24, శనివారం. జర్మనీ పడమటి అంచున, రూర్ నది వచ్చి రైన్‌లో కలిసేచోట, డ్యూస్‌బుర్గ్ అనే ఊరుంది. ఆ పొద్దున ఆ ఊరి స్టేషన్‌కి రైలు వెంట రైలు కిక్కిరిసి వచ్చింది. ఆ రోజు ఆ ఊరికి వచ్చినవాళ్లలో ఇరవై ఒక్కమంది మళ్లీ ఇంటికి వెళ్లలేదు. అందరికన్నా చిన్న ప్రాణానికి పదిహేడేళ్లు, అందరికన్నా పెద్ద ప్రాణానికి ముప్పై ఎనిమిది. పదముగ్గురు ఆడవాళ్లు, ఎనిమిదిమంది మగవాళ్లు. ఎక్కువమంది జర్మన్లు. మిగిలినవాళ్లు స్పెయిన్, ఇటలీ, నెదర్లాండ్స్, బోస్నియా, చైనా, ఆస్ట్రేలియా దేశాలవాళ్లు. చదువుకోవడానికి జర్మనీ వచ్చి, ఒక సెలవు రోజు సరదాగా గడుపుదామని బయలుదేరినవాళ్లూ అందులో ఉన్నారు. గాయపడినవాళ్లు ఆరువందల యాభైకి పైనే. పైకి కనబడని గాయాలను లెక్కపెట్టినవాళ్లు లేరు.

చివరికి ఏమవుతుందో ముందే చెప్పేశాను. ఇక ఇందులో ఉత్కంఠ లేదు. ఆ పొద్దుటి నుంచి వాళ్ల వెనకాలే నడవడం, మలుపు మలుపులోనూ ‘ఇక్కడ ఆగితే బాగుండు’ అనుకోవడం, వాళ్లు ఆగకుండా నవ్వుకుంటూ ముందుకి వెళ్లిపోవడం, అంతే.

పరాయి ఊళ్లో చదువుకునే పిల్లలకి శనివారం ఎంత పెద్ద రోజో చెప్పక్కర్లేదు. వారమంతా తరగతులు, ల్యాబులు, అర్థంకాని భాషలో అద్దె ఉత్తరాలు, రాత్రుళ్లు చిన్న కొలువులు. శనివారం మాత్రం తమది. ఆ రోజుల్లో జర్మన్ రైల్వే ‘హ్యాపీ వీకెండ్’ టికెట్ అమ్మేది. ఒక్క టికెట్ మీద అయిదుగురు, శనివారమో ఆదివారమో రోజంతా, ప్యాసింజర్ రైళ్లలో దేశంలో ఎక్కడికైనా తిరగొచ్చు. అయిదుగురికి ఒకటే టికెట్ కాబట్టి ఒంటరిగా ఎవరూ వెళ్లరు. నలుగురు దొరికితే అయిదోవాణ్ణి నిద్ర లేపి మరీ లాక్కెళ్తారు. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో చదివేవాళ్లలో చాలామందికి ఆ టికెట్ అవసరం కూడా ఉండేది కాదు. వాళ్ల సెమిస్టర్ టికెట్ మీదే రాష్ట్రమంతా తిరిగేవారు. మ్యూన్‌స్టర్ నుంచి, ఆఖెన్ నుంచి, డార్ట్‌మండ్ నుంచి డ్యూస్‌బుర్గ్ అంటే వాళ్లకి పక్కూరు కింద లెక్క. ఈనాడు అదే రాష్ట్రంలో, అదే రైళ్లలో మన తెలుగు పిల్లలు తిరుగుతున్నారు. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే ‘ఫ్రెండ్స్‌తో బయట ఉన్నానమ్మా, తర్వాత చేస్తా’ అంటారు. ఇక్కడ అమ్మ సరే అంటుంది. స్పెయిన్‌లో అమ్మ అయినా, చైనాలో అమ్మ అయినా సరేననే అంటుంది.

వాళ్లు వెళ్తున్నది లవ్ పరేడ్‌కి. ప్రవేశం ఉచితం. ట్రక్కుల మీద స్పీకర్లు, వాటి వెనక నడుస్తూ ఆడే జనం, పొద్దు వాలేదాకా టెక్నో సంగీతం. ఆ ఏడాది పెట్టుకున్న నినాదానికి అర్థం ‘ప్రేమ అనే కళ’.

ఆ పండగ ఎలా పుట్టిందో తెలుసుకుంటే పోయినదాని బరువు ఇంకొంచెం తెలుస్తుంది. 1989 జూలైలో, గోడ ఇంకా నిలబడి ఉన్న పశ్చిమ బెర్లిన్‌లో, డాక్టర్ మొట్టే అన్న పేరుతో పాటలు వాయించే మథియాస్ రోయింగ్ అనే ఆయన తన స్నేహితులని పోగేశాడు. మొత్తం నూటయాభై మంది ఉంటారేమో. వాళ్లు దాన్ని పోలీసుల దగ్గర రాజకీయ ప్రదర్శనగా నమోదు చేయించారు. ఏమిటయ్యా మీ డిమాండ్లు అంటే: శాంతి, సంతోషం, అట్లు. నవ్వుతాలుకి అన్నారో, నిజంగానే అన్నారో, ఆ వయసులో ఆ రెండూ వేరు కావు. నాలుగు నెలలు తిరిగేసరికి గోడ కూలింది. ఆ పై ఏళ్లలో తూర్పు పిల్లలు, పడమటి పిల్లలు అదే పాట వెనక ఒకే వీధిలో నడిచారు. గుంపు వేలయింది, లక్షలయింది. 1996 నుంచి బెర్లిన్ నడిబొడ్డున, టీర్‌గార్టెన్ వనాన్ని చీల్చుకుంటూ పోయే వెడల్పాటి రాజబాట మీద జరిగింది. ఆ బాటకి అటూ ఇటూ చెట్లే. ఊపిరాడకపోతే పక్కకి తప్పుకుని పచ్చికలో కూలబడొచ్చు. ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు. ఆ చెట్ల విలువ అప్పుడెవరూ ఆలోచించలేదు. వాటి కింద జనం వదిలిన చెత్త గురించి మాత్రం ఏటేటా తగవులు పడ్డారు.

2001లో కోర్టు ఇది రాజకీయ ప్రదర్శన కాదంది. దాంతో చెత్త ఎత్తే ఖర్చు, కాపలా ఖర్చు నిర్వాహకుల నెత్తిన పడ్డాయి. 2004, 2005లో డబ్బు లేక పండగే జరగలేదు. 2006లో జిమ్‌ల వ్యాపారి రైనర్ షాలర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పుట్టించిన మొట్టే పక్కకి తప్పుకున్నాడు. అప్పటికే పాటకన్నా ప్రకటన పెద్దదైపోయింది. మరుసటి ఏడు పండగ బెర్లిన్ వదిలి రూర్ ప్రాంతానికి, గనుల ఊళ్లకి వలస వచ్చింది. 2007లో ఎస్సెన్, 2008లో డార్ట్‌మండ్. డార్ట్‌మండ్‌లో పదహారు లక్షలమంది వచ్చారని చాటారు. ఆ అంకెలు చాలా పెంచి చెప్పినవని తర్వాత తేలింది. కానీ వినడానికి ఎంతో బాగుండే అంకెలవి. ఒక ఊరికి ఆశ పుట్టించే అంకెలు.

డ్యూస్‌బుర్గ్‌ని నిందించే ముందు ఆ ఆశని చూడాలి. ఒకప్పుడు ఉక్కు, బొగ్గు ఆ ఊరిని పోషించాయి. ఐరోపాలో అంత పెద్ద నదీ రేవు మరొకటి లేదంటారు. తర్వాత కొలిమి వెనక కొలిమి చల్లారింది. మైడరిష్ ఇనుప కర్మాగారం 1985లో మూతపడి, ఇప్పుడు తుప్పుపట్టిన గొట్టాల మధ్య పూలమొక్కలతో ఉద్యానవనమైంది. అప్పటికి ఊరి ఖజానా అప్పుల్లో ఉంది. పైసా ఖర్చుకీ పైవాళ్ల అనుమతి కావాల్సి వచ్చేది. అలాంటి ఊరికి 2010లో అదృష్టం తలుపు తట్టింది. ఆ ఏడాది రూర్ ప్రాంతం మొత్తం ఐరోపా సాంస్కృతిక రాజధాని. జూలై 18న, అంటే ఆ శనివారానికి ఆరు రోజుల ముందు, డ్యూస్‌బుర్గ్ నుంచి డార్ట్‌మండ్ దాకా అరవై కిలోమీటర్ల హైవేకి బళ్లు ఆపేసి, వేలాది బల్లలు వేసి, జనం రోడ్డు మధ్యలో కూచుని భోజనాలు చేశారు. లక్షలమంది వచ్చారు. రోడ్డుకి కంచె లేదు, కప్పు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఆదివారం ఫోటోలు చూస్తే గుండె పట్టేస్తుంది. అదే ఎండ, అదే జనం, అదే నవ్వు.

ఇప్పుడు మొదటి మలుపు దగ్గర ఆగుదాం. 2009లో పండగ జరగాల్సింది పొరుగూరు బోకుమ్‌లో. ఆ ఊరి అధికారులు లెక్కలు వేసుకుని, మా స్టేషన్ ఇంతమందిని మోయలేదు, మా వల్ల కాదు అని చేతులు జోడించారు. వాళ్లని మెచ్చుకున్నవాళ్లు తక్కువ, వెక్కిరించినవాళ్లు ఎక్కువ. చేతకానితనం అన్నారు, పల్లెటూరి బుద్ధి అన్నారు. డ్యూస్‌బుర్గ్‌లోనూ ఆ ఊరి పోలీసు అధిపతి మాకు భద్రత భయం ఉందని బయటికి చెప్పాడు. ఆయన్ని పదవి నుంచి తీసేయమని ఒక రాజకీయ నాయకుడు మంత్రికి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు పండగ నాటికి ఆ అధికారి పదవీ విరమణ చేసి ఉన్నాడు.

నా ఆలోచనలు ఎప్పుడూ బోకుమ్ దగ్గరికే వెళ్తాయి. ‘వద్దు’ అన్నవాళ్లకి ఋజువు దొరకదు. వాళ్లు కాపాడిన ప్రాణాలకి పేరుండదు, ముఖముండదు. ఆ 2009 జూలైలో బోకుమ్‌కి వెళ్లాలనుకుని వెళ్లలేక, ఇంట్లో కూచుని విసుక్కున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి దింపుతూ ఉంటారు. ఎందుకు బతికారో వాళ్లకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ‘సరే’ అన్నవాళ్లకి మాత్రం చప్పట్లు దొరికాయి, జెండాలు దొరికాయి, ఒక పూట.

పండగకి చూపించిన స్థలం పాత గూడ్స్ యార్డు. స్టేషన్‌కి దక్షిణాన, ఒకవైపు రైలు పట్టాలు, మరోవైపు హైవే. చుట్టూ కంచె వేశారు. లవ్ పరేడ్ చరిత్రలో ఇలా నాలుగువైపులా మూసిన చోట జరగడం అదే మొదలు. ఒకేసారి రెండున్నర లక్షలమందికి మించి ఉండకూడదని అనుమతి పత్రంలో రాశారు. బయట మాత్రం పది లక్షలు దాటుతారని చెప్పుకున్నారు. ఈ రెండు అంకెలూ ఒకే ఊళ్లో, ఒకే వారంలో, ఒకే మనుషుల నోట తిరిగాయి.

ఇంక దారి. పట్టాల కింద నుంచి కార్ల్ లేర్ వీధి పోతుంది. అది సొరంగం. తూర్పు నుంచి వచ్చేవాళ్లు తూర్పు ముఖం నుంచి, పడమట నుంచి వచ్చేవాళ్లు పడమటి ముఖం నుంచి అందులోకి దిగాలి. మధ్యలో ఎదురెదురుగా కలవాలి. కలిసినచోట పక్కకి తిరిగి, ఎత్తైన గోడల మధ్య పైకి లేచే ఒక ర్యాంపు ఎక్కితే యార్డు. బయటికి రావడానికీ ప్రధానంగా అదే ర్యాంపు. రెండు కాలువల నీళ్లు ఒకే తూములోకి వదిలి, తిరుగు నీళ్లూ ఆ తూములోంచే పోవాలన్నట్టుంది ఏర్పాటు. గోదావరి డెల్టాలో లస్కరు పని చేసిన ఏ పెద్దాయనకి ఈ బొమ్మ గీసి చూపించినా వేలు పెట్టి ‘ఇక్కడ తెగుతుంది’ అని చెప్పేవాడు.

డ్యూస్‌బుర్గ్ మ్యాపుల ఊరు. సముద్రయానం చేసేవాళ్లకి దిక్కు చూపిన గెరార్డుస్ మెర్కాటోర్ 1569లో తన ప్రపంచ పటాన్ని గీసింది అక్కడే. చనిపోయిందీ అక్కడే. ఆ ఊరివాళ్లు ఆ వేసవిలో గీసుకున్న పటాలకి కొదవలేదు. కొలతలూ ఉన్నాయి. తప్పించుకునే దారుల వెడల్పు నిబంధనలు అడిగినంత లేదని సమావేశంలో బయటపడింది కూడా. నగర పాలనలో భవన నిర్మాణాలు చూసే ఒక పెద్ద అధికారి ఆ సమావేశపు నోట్ మీద తన చేత్తో, దీని బాధ్యత నేను తీసుకోను అని రాశాడు. కాగితం ఇంకో బల్ల మీదికి వెళ్లింది. అక్కడి నుంచి మరో బల్ల మీదికి. నిపుణుడు చూశాడు కదా అని అధికారి, అధికారి సంతకం పెట్టాడు కదా అని నిర్వాహకుడు, నిర్వాహకుడికి అనుభవం ఉంది కదా అని నగరం, నగరం ఒప్పుకుంది కదా అని పోలీసులు. చివరి రోజుల్లో అనుమతి చేతికొచ్చింది. అందులో సొరంగం దగ్గర జనానికి మాట వినిపించేలా లౌడ్‌స్పీకర్లు పెట్టాలని షరతు ఉంది. ర్యాంపు దగ్గర అవి లేవు.

పిల్లలకి ఇదంతా ఎలా తెలుస్తుంది? సంతకం పెట్టి, కంచె వేసి, ఇదిగో దారి అని పెద్దలు చూపిస్తే నడిచారు. నడవమన్న వైపే నడిచారు.

ఆ పొద్దున యార్డు నేల చదును చేసే పని ఇంకా అవలేదు. గేట్లు అనుకున్న వేళకి తెరవలేదు. మధ్యాహ్నం వేళకి లోపలికి వదలడం మొదలైంది. అప్పటికే బయట జనం పేరుకుపోయి ఉన్నారు. రెండు గంటలకి ట్రక్కులు కదిలాయి. ట్రక్కులు తిరిగే దారి ర్యాంపు పైకొస గుండానే పోతుంది. సొరంగం చీకట్లోంచి నడిచి నడిచి పైకి ఎక్కిన పిల్లలకి ఎదురుగా హఠాత్తుగా వెలుగు, ట్రక్కు, పాట. వాళ్లు అక్కడే నిలబడిపోయారు. మీరైనా, నేనైనా నిలబడతాం. పండగ చూడ్డానికి వచ్చి పండగ కనబడగానే ఆగనివాళ్లెవరు? వెనకవాళ్లకి దారి మూసుకుంది. ముందున్నవాళ్లని సర్దుతూ లోపలికి నడిపించడానికి అక్కడున్న కొద్దిమంది సిబ్బంది సరిపోరని అక్కడికక్కడే తేలిపోయింది.

మూడు దాటింది. ఇప్పుడు సొరంగం రెండు నోళ్లనీ మూసేసి, ఒక గంటసేపు ఎవరినీ వదలకపోతే? లోపలున్నవాళ్లు కొంచెం కొంచెంగా విడిపోయేవారు. ఎండలో నిలబడ్డవాళ్లు తిట్టుకునేవారు, అంతే. కొన్ని గేట్లు కాసేపు ఆపారు కూడా. బయట ఒత్తిడి పెరిగేసరికి మళ్లీ వదిలారు. నాలుగు గంటల ప్రాంతంలో పోలీసులు చేయీ చేయీ పట్టుకుని సొరంగం లోపల రెండువైపులా, ర్యాంపు మధ్యలో అడ్డుగా నిలబడ్డారు. ర్యాంపు మీద గొలుసు కట్టిన చోటు, కంచెల వల్ల దారి మరీ ఇరుకైనచోటు. ఆ గొలుసుకి కింద ఎక్కేవాళ్లు, పైన ఇంటికి బయలుదేరి దిగేవాళ్లు. అవును, ఇళ్లకి బయలుదేరినవాళ్లూ ఉన్నారు. ఆఖరి రైలు రద్దీ తప్పించుకుందామని తొందరగా వచ్చేసిన బుద్ధిమంతులు. సొరంగంలో పోలీసుల గొలుసులు ఎక్కువసేపు నిలవలేకపోయాయి. రెండువైపుల నుంచీ జనం ర్యాంపు అడుగుకి చేరారు. నాలుగున్నర అయ్యేసరికి ర్యాంపు మీది గొలుసూ విడిపోయింది. పైవాళ్లు కిందికి, కిందవాళ్లు పైకి. ఇద్దరికీ కావలసింది ఒకటే, ఆ ఇరుకులోంచి బయటపడడం.

నిర్వాహకుల కంటైనర్‌లో తెరల మీద కెమెరా బొమ్మలు కనబడుతూనే ఉన్నాయి. కానీ అక్కడి మాట పోలీసులకి, పోలీసుల మాట అక్కడికి వేళకి చేరలేదు. సెల్‌ఫోన్ల నెట్‌వర్క్ కుప్పకూలింది. ర్యాంపు మీద ఉన్నవాళ్లకి ముందేముందో తెలియదు, వెనకేముందో తెలియదు. చెప్పేవాళ్లు లేరు, చెప్పినా వినిపించే సాధనం లేదు. పైనుంచి పాట మాత్రం బాగా వినిపిస్తోంది.

పక్క గోడకి ఆనుకుని ఒక సన్నటి మెట్లదారి ఉంది, సరిగ్గా ఇద్దరు కూడా పక్కపక్కన ఎక్కలేనిది. ఒక దీపస్తంభం ఉంది, ఒక కంటైనర్ ఉంది. ఎవరో ఒకరు స్తంభం ఎగబాకి బయటపడ్డారు. పైనున్నవాళ్లు చేతులందించి ఇంకొకరిని లాగారు. వందలమంది అది చూశారు. అదిగో దారి అనుకున్నారు. చూపులన్నీ అటు తిరిగాయి, వాటి వెనక ఒళ్లూ తిరిగాయి, అడుగు అడుగున్నరగా. ఎక్కువమంది చనిపోయింది ఆ మెట్ల కిందే, చేతికందేంత దూరంలో.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఆ సాయంత్రం నుంచే కొందరు పిల్లల మీద నింద వేశారు: తాగారు, మత్తులో ఉన్నారు, గోడలెక్కారు, భయపడి పరుగెత్తారు, ఒకర్నొకరు తొక్కుకున్నారు. కాదు. ఎవరూ పరుగెత్తలేదు. పరుగెత్తడానికి చోటెక్కడుంది? జన సమూహాల కదలికలని అధ్యయనం చేసే డిర్క్ హెల్బింగ్ వంటి శాస్త్రవేత్తలు ఆ వీడియోలని ముక్కముక్కగా చూసి అదే చెప్పారు. చదరపు మీటరుకి ఆరేడుగురు మించితే మనిషి తన కాళ్ల మీద తాను ఉండడు. గుంపు ఎటు ఊగితే అటు ఊగుతాడు. ఒక అల పుడుతుంది, అది ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. ఎవరి తప్పూ లేకుండా ఒకరు తూలితే పక్కవాళ్లు వాళ్ల మీద పడతారు, లేవలేరు. నిలబడ్డవాళ్లకీ రొమ్ము విచ్చుకోదు. ఊపిరి బయటికి పోతుంది, తిరిగి లోపలికి రాదు. అక్కడి చావులకి కారణం అదే: ఛాతీ మీద ఒత్తిడి. నేల మీద గుంత ఒకటి కప్పడానికి పడుకోబెట్టిన కంచె పలక ఉంది. దాని అంచుకి కాళ్లు చిక్కుకున్నవాళ్లున్నారు. చుట్టూ అపరిచితులు. ఆ ఇరుకులోనే కిందపడ్డవాళ్లని లేవదీయబోయినవాళ్లు, పక్కవాళ్లని పైకి అందించినవాళ్లు ఉన్నారు. బతికి బయటపడ్డవాళ్లు ఏళ్ల తర్వాత కోర్టులో ఆ సంగతులు చెప్పారు. కొందరు చెబుతూ మధ్యలో ఆగిపోయారు.

తెలుగువాళ్లకి ఇది మరీ అంత పరాయి విషయం కాదు. 2015 జూలైలో రాజమండ్రి పుష్కరాల రేవు, 2025 జనవరిలో తిరుపతి టోకెన్ల క్యూ. అక్కడ పాట లేదు, భక్తి ఉంది. జనం ఎగబడ్డారు అన్న మాట మాత్రం మనవాళ్లూ ఎంత తొందరగా అనేశారో గుర్తుందా? చచ్చిపోయినవాళ్లు తిరిగి జవాబు చెప్పలేరు కాబట్టి ఆ మాట అనడం సులువు.

అయిదు గంటలు దాటాక చనిపోయారన్న మొదటి కబురు బయటికి వచ్చింది. పైన పండగ ఆగలేదు. ఒక్కసారిగా ఆపితే లక్షలమంది ఒకేసారి బయటికి తోసుకొస్తారన్న భయంతో రాత్రి దాకా సాగనిచ్చారు. ఆ నిర్ణయం సరైనదే కావచ్చు. కానీ ర్యాంపు గోడకి అవతల కొన్ని వందల గజాల్లో కుర్రాళ్లు ఏమీ తెలియక చేతులు పైకెత్తి ఆడుతూ ఉండగా, ఇవతల వాళ్ల ఈడువాళ్ల ముఖాల మీద తెల్ల గుడ్డలు కప్పారు. ఆడినవాళ్లలో చాలామందికి ఆ సంగతి రాత్రి రైల్లో తెలిసింది. మేము ఆడుతున్నప్పుడు అని మొదలుపెట్టి ఆ వాక్యాన్ని పూర్తిచేయలేనివాళ్లు ఇప్పటికీ ఉంటారు.

ఫోన్లు కలవలేదు. టీవీలో వార్త చూసిన తల్లులు, తండ్రులు, అక్కలు, అన్నలు నంబర్ నొక్కుతూనే ఉన్నారు. కలవకపోవడానికి కారణం నెట్‌వర్క్ అనుకున్నారు. చాలామంది విషయంలో అది నిజమే. అర్ధరాత్రికో తెల్లవారుజాముకో ‘నేను బాగానే ఉన్నా, బ్యాటరీ అయిపోయింది’ అన్న గొంతు వినబడి వాళ్లు ఏడ్చారు. ఇరవై ఒక్క ఇళ్లలో మాత్రం అలా జరగలేదు. కొన్ని ఇళ్లు ఆసుపత్రుల్లో ఇంకొన్ని రోజులు ఆశ పెట్టుకుని కూచున్నాయి. అయిదుగురు కలిసి వెళ్లినచోట నలుగురు తిరిగొచ్చి, మిగిలిన ఒకరి గది తలుపు ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ నలుగురి గురించి ఎవరూ రాయరు. వెళ్దాం పద అని మొదట అన్నదెవరు అన్న ప్రశ్న వాళ్లని ఎవరూ అడిగి ఉండరు. అడగక్కర్లేదు కూడా. అది వాళ్లకి వాళ్లే వేసుకుంటారు.

మర్నాడు షాలర్ లవ్ పరేడ్ ఇక ఎప్పటికీ జరగదని ప్రకటించాడు. వారం తిరిగాక సాల్వటోర్ చర్చిలో సంతాప ప్రార్థన జరిగింది. దేశాధ్యక్షుడు వచ్చాడు, ఛాన్సెలర్ ఏంజెలా మెర్కెల్ వచ్చింది. మెర్కాటోర్ స్మారక ఫలకం ఉన్నదీ ఆ చర్చిలోనే. మేయర్ అడోల్ఫ్ జౌవర్‌లాండ్ అక్కడికి రాలేదు. రాజీనామా చేయనూ లేదు. చివరికి 2012 ఫిబ్రవరిలో ఊరివాళ్లే ఓటు వేసి ఆయన్ని దించేశారు. దిగిపో అని లక్షా ఇరవై తొమ్మిది వేలకి పైగా ఓట్లు పడ్డాయి. ఊరు అలా తన సిగ్గుని కొంత కడుక్కుంది. జూలై 23 సాయంత్రం ఏటా ఆ సొరంగంలో వెయ్యి దీపాలు పెడతారు. ర్యాంపు మీద ఆ సన్నటి మెట్లని తీసేయకుండా ఉంచి, స్మారక స్థలం చేశారు.

కోర్టు సంగతి మిగిలింది. పరిశోధన నాలుగేళ్లు పట్టింది. 2014లో పదిమంది మీద అభియోగం మోపారు: ఆరుగురు నగర ఉద్యోగులు, నలుగురు నిర్వాహక సంస్థవాళ్లు. మేయర్ లేడు, షాలర్ లేడు. 2016లో డ్యూస్‌బుర్గ్ కోర్టు, కేసు కోసం తెప్పించిన నిపుణుడి నివేదిక సరిగ్గా లేదని విచారణే అక్కర్లేదంది. తల్లిదండ్రులు పై కోర్టుకి వెళ్లారు. 2017లో అది కాదు, జరగాల్సిందే అంది. అదే డిసెంబరులో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఎగ్జిబిషన్ల కోసం కట్టిన హాల్లో విచారణ మొదలైంది. కోర్టు గది పట్టలేనంతమంది లాయర్లు, బాధితులు, బంధువులు. కొత్తగా నియమించిన నిపుణుడు కొన్ని వేల పేజీల నివేదిక ఇచ్చాడు. అందులో తేలింది ఇదీ: ఒక్కరిదని కాదు, చాలామందివి చిన్నచిన్న తప్పులు, ఒకదాని మీద ఒకటి. 2019 ఫిబ్రవరిలో ఏడుగురి మీద కేసు ఆపేశారు. మిగిలిన ముగ్గురి మీద విచారణ సాగింది.

నూట ఎనభై నాలుగు రోజులు కోర్టు కూచుంది. కొందరు తల్లిదండ్రులు ఎక్కడెక్కడినుంచో ప్రయాణం చేసి వచ్చి వెనక వరసల్లో కూచుని విన్నారు. కంచె వెడల్పు, గేటు తెరిచిన వేళ, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరి సంతకం ఎవరి కింద. తమ బిడ్డ ఎలా పోయిందో నిమిషాల లెక్కన విన్నారు. శిక్ష పడాలని కోరుకున్నవాళ్లున్నారు. పేరు పెట్టి ఒక్కరు ‘నా వల్ల జరిగింది’ అంటే చాలు, ఇంటికి వెళ్లిపోతాం అనుకున్నవాళ్లూ ఉండే ఉంటారు.

2020 మే 4న, తీర్పు లేకుండానే ఆ కేసుని మూసేశారు. చెప్పిన కారణాల్లో ఒకటి కరోనా. అంతమంది మనుషులు ఒకే హాల్లో చేరి కూచోవడం ప్రమాదం అన్నారు. రెండోది కాలపరిమితి. ఆ నేరానికి గడువు పదేళ్లు. అది ఆ జూలై ఆఖరి వారంలో, పదో వర్ధంతి దాటిన కొద్ది రోజులకే తీరిపోయింది. ఆ తర్వాత చట్టప్రకారం ఎవరినీ ఏమీ అడగడానికి వీల్లేదు.